శంషాబాద్ విమానాశ్రయ ప్రాంతం: ప్రైవేటు బడుల పన్నులు, పోలీసు ప్రాధాన్యాలపై వాదోపవాదాలు

హైదరాబాద్‌కు దక్షిణాన బెంగళూరు జాతీయ రహదారి మీదున్న శంషాబాద్‌లోనూ, రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇరవై ఏళ్లుగా రెండు తగవులు నడుస్తున్నాయి. ప్రైవేటు బడులు ప్రజలకు ఎంత పన్ను బాకీ ఉన్నాయన్నది ఒకటి. ఉన్న కొద్దిమంది పోలీసులు ముందు ఎవరి పని చూడాలన్నది రెండోది. ఈ రెంటినీ విడివిడిగా చర్చించడం అలవాటైపోయింది. పన్ను సంగతి ఆడిటర్లకూ కోర్టులకూ వదిలేస్తారు. పోలీసు సంగతి ఏదైనా ఘోరం జరిగినప్పుడే గుర్తొస్తుంది. నిజానికి రెంటి మూలం ఒక్కటే: ఉమ్మడి ఖజానాలోంచి ఎవరికి ఎంత వాటా, ఆ వాటాను నిర్ణయించేది ఎవరు? శంషాబాద్‌లో ఈ ప్రశ్న మరింత సూటిగా కనిపిస్తుంది. అక్కడ నిర్ణయించేవారు ఒకరు, డబ్బు కట్టేవారు మరొకరు, ఫలితం అనుభవించేవారు ఇంకొకరు.

ప్రాంతం, పాలన

విమానాశ్రయానికి 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23న రాకపోకలు మొదలయ్యాయి. సుమారు 5,500 ఎకరాల్లో విస్తరించిన ఈ విమానాశ్రయాన్ని జీఎంఆర్ సంస్థ ప్రధాన వాటాదారుగా ఉన్న కంపెనీ నడుపుతోంది. అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 13 శాతం వాటా ఉంది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ ఊరి పక్కనుంచే పోతుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో తెరుచుకుంది. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి రావడంతో, అంతకుముందు పొలాలూ పండ్లతోటలూ ఉన్నచోట గేటెడ్ కాలనీలు, గోదాములు, హోటళ్లు, వాటితోపాటు పెద్ద పెద్ద ఆవరణల బడులు వెలిశాయి.

పాలనా వ్యవస్థ ఆ వేగాన్ని అందుకోలేకపోయింది. శంషాబాద్ 2018 ఆగస్టు దాకా గ్రామ పంచాయతీయే. ఆ నెలలో పురపాలిక అయింది. 2025 చివర్లో నగరం చుట్టూ ఉన్న 27 పురపాలికలు, కార్పొరేషన్లను హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిపినప్పుడు అదీ విలీనమైంది. ఏడెనిమిదేళ్లలో ఒకే ఇంటి పన్ను మూడు చట్టాల కిందికి వెళ్లింది. దీనికి తోడు జీవో 111 ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చి 8న వచ్చిన ఈ ఉత్తర్వు 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది. శంషాబాద్ మండలంలోని ఊళ్లు చాలా వరకు దాని పరిధిలోనివే. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. 2023 మేలో మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా ఎత్తివేయాలని నిర్ణయించింది. ఈ ఉత్తర్వు అమల్లో ఉన్న ఏళ్లలోనే దాని పరిధిలో పెద్ద విద్యాసంస్థలు కొన్ని వెలిశాయి. వాటి అనుమతుల మీద వివాదం నేటికీ తేలలేదు.

పన్ను వేసేది ఎవరు

ప్రైవేటు బడి మీద పన్ను అంటే ఒకే పన్ను కాదు. ఆదాయపన్ను కేంద్రం పరిధిలోది. భూములు, భవనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలోది. వసూలు చేసేది స్థానిక సంస్థ. జీఎస్టీ రెండు ప్రభుత్వాలదీ. 42వ రాజ్యాంగ సవరణ నుంచి విద్య ఉమ్మడి జాబితాలో ఉంది. పోలీసు శాఖ మాత్రం పూర్తిగా రాష్ట్రానిది. కాబట్టి ఒక బడికి ఆదాయపన్ను మినహాయిస్తే తరిగేది ఢిల్లీ ఖజానా. ఆస్తిపన్ను మినహాయిస్తే తరిగేది శంషాబాద్ కాలువలకూ వీధిదీపాలకూ ఖర్చయ్యే సొమ్ము. అదే బడి గేటు ముందు ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను నిలబెడితే జీతం ఇచ్చేది హైదరాబాద్ సచివాలయం. 'పన్ను కట్టని బడికి మా పోలీసు ఎందుకు?' అని కాలనీవాసులు అడిగే ప్రశ్నలోనూ, 'మేము ప్రభుత్వ భారం తగ్గిస్తున్నాం' అని యాజమాన్యాలు ఇచ్చే జవాబులోనూ ఈ లెక్కలన్నీ కలగాపులగం అవుతాయి.

మన చట్టాల్లో బడి నడపడం ధర్మకార్యం. ప్రైవేటు పాఠశాలను సొసైటీ గానీ ట్రస్టు గానీ నడపాలన్నది గుర్తింపు నిబంధన. ఆదాయపన్ను చట్టం కూడా విద్యను ధార్మిక ప్రయోజనాల్లో ఒకటిగా లెక్కిస్తుంది. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 చట్టంలో మినహాయింపునకు రెండు దారులుండేవి. మొదటిది 10(23సి) నిబంధన. లాభాపేక్ష లేకుండా కేవలం విద్య కోసమే ఉన్న సంస్థకు అది వర్తించేది. ఏటా వసూళ్లు ఒక పరిమితి లోపు ఉన్న చిన్న బడికి ముందస్తు ఆమోదం అక్కర్లేకపోయేది. కోటి రూపాయలుగా ఉన్న ఆ పరిమితి 2022 ఏప్రిల్ నుంచి 5 కోట్లయింది. రెండో దారి ధార్మిక సంస్థగా నమోదై 11వ సెక్షన్ కింద మినహాయింపు పొందడం. అలా పొందిన సంస్థ ఏటా ఆదాయంలో 85 శాతం తన ఆశయానికే ఖర్చు చేయాలి. సంస్థను నడిపే కుటుంబానికి గానీ వారి కంపెనీలకు గానీ అనుచిత లబ్ధి చేకూర్చకూడదు.

అసలు చిక్కు ఆ చివరి షరతులోనే ఉంది. సొసైటీ లాభం తీసుకోకూడదు. కానీ సొసైటీకి భవనం అద్దెకిచ్చేది, బస్సులు నడిపేది, యూనిఫాంలు, పుస్తకాలు అమ్మేది యాజమాన్య కుటుంబానికి చెందిన కంపెనీ కావచ్చు. అద్దె బజారు ధర ప్రకారమే ఉంటే చట్టం అడ్డుచెప్పదు. ఎక్కువ ఉంటే తప్పు. ఎక్కువో కాదో తేల్చే పత్రాలు ఆదాయపన్ను అధికారుల దగ్గరే ఉంటాయి తప్ప ఫీజు కట్టే తల్లిదండ్రుల ముందుకు రావు. ప్రజల సొమ్ములోంచి మినహాయింపు పొందే సంస్థ తన లెక్కలను ప్రజలకు చూపాలని కోరడంలో అన్యాయమేమీ లేదు.

న్యూ నోబుల్ తీర్పు

ఈ వివాదంలో దేశమంతటికీ వర్తించే తీర్పు హైదరాబాద్ నుంచి వెళ్లిన కేసులోనే వచ్చింది. న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ అనే సంస్థకు మినహాయింపు ఆమోదం ఇవ్వడానికి ఆదాయపన్ను చీఫ్ కమిషనర్ నిరాకరించారు. సొసైటీ ఆశయాల్లో విద్యతోపాటు ఇతర పనులూ ఉన్నాయన్నది ఒక కారణం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిరాకరణను సమర్థించింది. 2022 అక్టోబరు 19న ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్, న్యాయమూర్తులు ఎస్. రవీంద్ర భట్, పి.ఎస్. నరసింహలతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ వైఖరినే బలపరిచింది.

అంతకుముందు తీర్పుల్లో 'ప్రధాన ప్రయోజనం' అనే కొలమానం ఉండేది. సంస్థ ముఖ్యోద్దేశం విద్య అయితే చాలు, మినహాయింపు దక్కేది. కొత్త తీర్పు దాన్ని పక్కనపెట్టి, చట్టంలో ఉన్నట్టు సంస్థ 'కేవలం' విద్య కోసమే ఉండాలంది. అలాగని మిగులు ఉండకూడదని చెప్పలేదు. బడి నడుపుతుండగా యాదృచ్ఛికంగా కొంత మిగిలితే తప్పులేదు. సొంత విద్యార్థులకు పుస్తకాలు అమ్మడం, బస్సు, హాస్టల్ నడపడం విద్యకు అనుబంధమే. విద్యతో సంబంధం లేని వ్యాపారం చేస్తే మాత్రం మినహాయింపు పోతుంది. రాష్ట్ర ధార్మిక సంస్థల చట్టం కింద నమోదు కావాల్సినవి నమోదయ్యాయా అని కూడా అధికారులు చూడవచ్చంది. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం ఈ సందర్భంలోనే చర్చకొచ్చింది. ఇన్నేళ్ల ఆచరణను ఒక్కసారిగా తిరగతోడితే సంస్థలు దెబ్బతింటాయని, తీర్పును ఇకముందుకే వర్తింపజేసింది. 2026 ఏప్రిల్ నుంచి 1961 చట్టం స్థానంలో కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చినా, మినహాయింపు వెనకున్న ఆలోచన మారలేదు.

ఈ తీర్పునకు ముందుమాట లాంటి తీర్పులు రెండున్నాయి. మొదటిదీ తెలుగు నేల నుంచి వెళ్లినదే. 1983లో ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. అలాంటి చట్టాలు చర్చకొచ్చిన 1993 నాటి ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా విద్య ప్రాథమిక హక్కని, చదువు వ్యాపారం కాదని చెప్పింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రైవేటు సంస్థలకు ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇస్తూ, సముచితమైన మిగులు ఉండవచ్చు గానీ లాభార్జన కూడదంది. సముచితం అంటే ఎంతో చెప్పలేదు. ఆ తర్వాతి ఫీజు వివాదాలన్నీ ఆ ఖాళీలోంచి పుట్టినవే.

రాష్ట్రం ఆ ఖాళీని అంతకుముందే ఒక అంకెతో పూరించింది. 1994 జనవరి 1 నాటి జీవో 1 ప్రకారం బడి వసూలు చేసే ఫీజులో సగం జీతాలకు, 15 శాతం సిబ్బంది భవిష్యనిధి వంటి ప్రయోజనాలకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, 5 శాతం యాజమాన్యానికి పోవాలి. కేంద్ర చట్టం లాభాపేక్ష ఉండకూడదంటుంది. రాష్ట్ర ఉత్తర్వు యాజమాన్యం వాటాను శాతాల్లో రాసిస్తుంది. రెండూ ఒకే బడికి వర్తిస్తాయి. జీతాల వాటా నిజంగా సగం అందుతోందా అన్నదే ఉపాధ్యాయుల ప్రధాన ప్రశ్న. దాన్ని ఎవరైనా క్రమం తప్పకుండా తనిఖీ చేసి ఉంటే తల్లిదండ్రుల తగవు సగం తీరేది.

అద్దె బడి, సొంత బడి

గుర్తింపు పొందిన బడి విద్యార్థికి అందించే చదువు మీద జీఎస్టీ లేదు. 2017 జూన్ 28 నాటి నోటిఫికేషన్‌లోనే ఈ మినహాయింపు ఉంది. పూర్వ ప్రాథమిక స్థాయి నుంచి ఇంటర్ దాకా బడులకు అందించే రవాణా, భోజనం, కాపలా, శుభ్రత సేవలకూ అది వర్తిస్తుంది. పోటీపరీక్షల కోచింగ్‌కు మాత్రం 18 శాతం పన్ను. తెలుగునాట ఈ గీతకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో బడినీ కోచింగ్‌నూ కలిపేసిన పద్ధతి ఇక్కడే ఊపందుకుంది. ఒకే తరగతి గదిలో ఏ గంట చదువు, ఏ గంట కోచింగ్ అన్నది తేల్చడం ఏ అధికారికీ సులువు కాదు.

'మేమూ పన్ను కడుతున్నాం' అని యాజమాన్యాలనడం పూర్తిగా అబద్ధం కాదు. ఫీజు మీద పన్ను లేనందున, తాము కొన్న సిమెంటు, బెంచీలు, కంప్యూటర్ల మీద కట్టిన జీఎస్టీని తిరిగి పొందే వీలు వారికి లేదు. జీఎస్టీలో నమోదైన యజమాని నుంచి భవనం అద్దెకు తీసుకుంటే ఆ అద్దె మీద 18 శాతం పన్ను పడుతుంది. బడి కోసమే అయినా అద్దెకు మినహాయింపు లేదు.

ఆస్తిపన్నులోనూ ఇదే ధోరణి. హైదరాబాద్ నగరపాలక చట్టంలోని 202వ సెక్షన్ పదో తరగతి దాకా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలను సాధారణ పన్ను నుంచి మినహాయిస్తుంది. భవనం విద్యాసంస్థ సొంతమైనా కావాలి, లేదా అద్దె లేకుండా దానికి అప్పగించినదైనా కావాలి. అద్దె భవనంలో నడిచే బడికి ఈ ఊరట దక్కదు. యజమానికి పడే పన్ను ఏదో రూపంలో అద్దెలోకి చేరుతుంది.

ఈ రెండింటినీ కలిపి చూస్తే ఒక నిజం బయటపడుతుంది. శంషాబాద్ పాతబస్తీ వీధిలో రెండంతస్తుల అద్దె ఇంట్లో, కూలీల పిల్లలకు నెలకు కొన్ని వందల ఫీజుతో చదువు చెప్పే చిన్న బడి మీద అద్దెపన్ను, ఆస్తిపన్ను రెండూ పడే అవకాశం ఉంది. వలయ రహదారి పక్కన ఎకరాల కొద్దీ సొంత ఆవరణలో, ఏడాదికి లక్షల ఫీజు తీసుకునే బడికి రెండూ తప్పుతాయి. ధర్మకార్యమని ఇచ్చిన మినహాయింపు ధర్మం ఎక్కువ అవసరమైనచోటికి తక్కువగా చేరుతోంది. 'ప్రైవేటు బడుల మీద పన్ను వేయాలా వద్దా' అని సాగే చర్చలో ఈ తేడా దాదాపు వినిపించదు. అన్నీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్ల పెద్ద సంస్థలకే మేలు. చిన్న బడుల ఇబ్బందులను ముందుకు నెట్టి అవి తమ మినహాయింపును కాపాడుకోగలవు.

పన్నుల్లో కనబడని రాయితీ మరొకటి ఉంది: భూమి. విమానాశ్రయానికి దగ్గర్లో, మహేశ్వరం మండలంలోని ఆగాఖాన్ అకాడమీ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 100 ఎకరాల్లో 2006లో శంకుస్థాపన జరిగింది. 2011లో బడి మొదలైంది. ఫీజు కట్టలేని పిల్లలకు ఆర్థిక సాయం చేయడం ఆ సంస్థ విధానంలో భాగం. ప్రభుత్వ భూమి తీసుకున్న ప్రతి సంస్థా ఎంతమంది పేద పిల్లలకు చోటిచ్చిందో ఏటా ప్రకటిస్తే, ఆ భూమి ధరకు తగిన ప్రజాప్రయోజనం అందిందో లేదో ఎవరైనా లెక్కగట్టవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు కేటాయించాలి. 2009 నాటి ఆ నిబంధన తెలంగాణలో ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. మినహాయింపునకు బదులుగా సమాజం అడగదగిన కనీసపు ప్రతిఫలం అదే.

ఫీజుల పోరు

మామూలు కుటుంబానికి పన్ను వివాదం ఫీజు రూపంలోనే తెలుస్తుంది. 2017లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మాజీ ఉపకులపతి ఆచార్య తిరుపతిరావు అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. ఏటా 10 శాతం దాకా ఫీజు పెంచుకోవచ్చన్న దాని సిఫారసును తల్లిదండ్రుల సంఘాలు తప్పుపట్టాయి. పరిమితి విధించమంటే పెంపునకు అనుమతి ఇచ్చారన్నది హైదరాబాద్ స్కూల్ పేరెంట్స్ అసోసియేషన్ వంటి సంఘాల వాదన. కరోనా కాలంలో 2020 ఏప్రిల్ 21న వచ్చిన జీవో 46 ఆ విద్యాసంవత్సరానికి ఫీజు పెంచవద్దని, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలని ఆదేశించింది. చాలా బడులు అన్ని ఫీజులనూ ట్యూషన్ ఫీజు పద్దు కిందే చూపించాయని తల్లిదండ్రులు ఆరోపించారు. ఆదాయం పడిపోయి ఉపాధ్యాయులకు జీతాలివ్వలేకపోయామని చిన్న బడుల యాజమాన్యాలు వాపోయాయి. అదీ నిజమే. ఆ ఏడాది ఎందరో ప్రైవేటు ఉపాధ్యాయులు కూలి పనులకు వెళ్లారు. 2025లో ఆకునూరి మురళి అధ్యక్షతన ఉన్న తెలంగాణ విద్యా కమిషన్ ఫీజుల నియంత్రణకు ముసాయిదా బిల్లును ప్రభుత్వానికి అందించింది.

పోలీసు ప్రాధాన్యాల చర్చ ఫీజు పోరులోనే బడి గేటు దాకా వస్తుంది. తల్లిదండ్రులో విద్యార్థి సంఘాలో ధర్నాకు దిగితే యాజమాన్యం ఫోన్ చేయగానే పోలీసులు వస్తారు. అధిక ఫీజు మీద అదే తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే, అది విద్యాశాఖ సంగతి అన్న జవాబు వస్తుంది. చట్టం దృష్టిలో ఆ జవాబు సరైనదే. ఫీజు వివాదం పోలీసు కేసు కాదు. గేటు ముందు గుమికూడటం శాంతిభద్రతల సమస్య కావచ్చు. అయినా ఫీజు కట్టిన మనిషికి ప్రభుత్వం కంటికి కనబడేది లాఠీ పట్టుకున్నప్పుడు మాత్రమే అయితే, ఆ కోపాన్ని అర్థం చేసుకోవాలి.

కంచె లోపల, కంచె బయట

విమానాశ్రయం లోపల భద్రత కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానిది. దాని ఖర్చులో ప్రధాన భాగం ప్రయాణికుల టికెట్లలోంచి వసూలు చేసే విమానయాన భద్రతా రుసుం నుంచి వస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి దేశీయ ప్రయాణికుడికి అది 200 రూపాయలు. పాస్‌పోర్టు తనిఖీని కేంద్ర ప్రభుత్వం చూస్తుంది. బంగారం దొంగ రవాణాను కస్టమ్స్, రెవెన్యూ ఇంటెలిజెన్స్ చూస్తాయి. రాష్ట్ర పోలీసుల పని ఆ కంచె అంచున మొదలవుతుంది. విమానాశ్రయ ప్రాంతానికి ఆర్‌జీఐఏ పోలీస్ స్టేషన్, ఊరికి శంషాబాద్ పోలీస్ స్టేషన్ ఉన్నాయి. నకిలీ వీసాలతో గల్ఫ్‌కు బయల్దేరి మోసపోయినవారి ఫిర్యాదులు, ఉత్తుత్తి బాంబు బెదిరింపులు, ప్రముఖుల రాకపోకలు, జాతీయ రహదారి ప్రమాదాలు, గోదాముల్లో దొంగతనాలు, పల్లెల భూతగాదాలు అన్నీ వారి పనే.

2003లో ఏర్పడిన సైబరాబాద్ కమిషనరేట్ కింద శంషాబాద్ ఉండేది. 2016లో దాన్ని సైబరాబాద్, రాచకొండలుగా విడదీసినప్పుడు శంషాబాద్ సైబరాబాద్‌లోనే మిగిలి ఒక జోన్‌కు కేంద్రమైంది. సైబరాబాద్ పోలీసులకు ఐటీ కంపెనీలతో కలిసి ఏర్పడిన సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ అండ ఉంది. ట్రాఫిక్ సహాయకులు, కెమెరాలు, మహిళా ఉద్యోగుల భద్రత వంటి పనులకు అది తోడ్పడుతుంది. మంచి పనే. అయితే కంపెనీల సాయం కంపెనీలున్నచోటికే ముందు చేరుతుంది. 2025 దాకా అదే కమిషనరేట్ కిందున్న శంషాబాద్ శివారు ఊళ్లకు అటువంటి పోషకులు లేరు. 2013 నాటి ప్రజా భద్రతా చర్యల చట్టం వందమంది, అంతకుమించి గుమికూడే సంస్థలన్నీ సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టి నెలరోజుల దృశ్యాలు భద్రపరచాలంటుంది. విద్యాసంస్థలూ అందులోకే వస్తాయి. పోలీసు భారంలో కొంత భాగం ఈ చట్టంతో బడుల మీదికీ దుకాణాల మీదికీ వెళ్లింది.

కంచె లోపలి మనిషి భద్రతకు నేరుగా డబ్బు కడతాడు కాబట్టి అతనికి ఆలస్యం ఉండదు. బయటి మనిషి భద్రత రాష్ట్ర బడ్జెట్ మీద ఆధారపడుతుంది. అయితే కంచె బయటి లోటు డబ్బు ఒక్కటే కాదని 2019లో దేశమంతా చూసింది.

2019 నవంబరు 27

ఆ రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌ప్లాజా వద్ద ఒక యువ పశువైద్యురాలిని నలుగురు అపహరించి, అత్యాచారం చేసి చంపారు. మృతదేహాన్ని షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. చట్టప్రకారం ఆమె పేరు వాడకూడదు గనుక 'దిశ' అన్న పేరు వ్యాప్తిలోకి వచ్చింది. టోల్‌ప్లాజా దగ్గర స్కూటర్ నిలిపి వెళ్లి తిరిగొచ్చిన ఆమె, టైరు పంక్చరయిందనీ భయంగా ఉందనీ చెల్లెలికి ఫోన్ చేశారు. కాసేపటికి ఫోన్ ఆగిపోయింది.

కుటుంబం ఆ రాత్రే విమానాశ్రయ పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. ఘటనాస్థలం తమ పరిధిలోకి రాదు, శంషాబాద్ స్టేషన్‌కు వెళ్లాలన్నారు. ఎవరితోనైనా వెళ్లిపోయిందేమోనన్న ధోరణిలో మాట్లాడారని కుటుంబం చెప్పింది. నవంబరు 30న ఒక ఎస్సైనీ ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనూ విధుల్లో నిర్లక్ష్యానికి సస్పెండ్ చేశారు. ఆమె చెల్లెలికి బదులు 100కు ఫోన్ చేసి ఉండాల్సిందన్న అప్పటి రాష్ట్ర హోంమంత్రి మహమూద్ అలీ మాట మీద తీవ్ర నిరసన వచ్చింది.

పోలీసు ప్రాధాన్యాల చర్చలో కీలకమైన ఘట్టం ఆ స్టేషన్ గడప దగ్గర పోయిన సమయమే. అక్కడ కొరవడినది సిబ్బంది కాదు, బండ్లు కాదు, కెమెరాలు కాదు. వచ్చిన మనిషి మాట ముందు రాసుకోవాలన్న నియమం అప్పటికే ఉంది. కేసు పెట్టదగిన నేరమైతే ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరని 2013 నవంబరులో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పరిధి ఏదైనా ముందు నమోదు చేసి తర్వాత బదిలీ చేయాలనే జీరో ఎఫ్‌ఐఆర్ పద్ధతి ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత అమల్లోకి వచ్చింది. తెలంగాణ పోలీసులు జీరో ఎఫ్‌ఐఆర్ గురించి స్టేషన్లకు మళ్లీ గట్టిగా చెప్పింది శంషాబాద్ ఘటన తర్వాతనే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ దాన్ని చట్టంలోనే చేర్చింది.

డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అక్కడికి చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. అదేరోజు మహిళా, పౌరహక్కుల సంఘాలు హైకోర్టును ఆశ్రయించాయి. తెలుగు సమాజం అంత స్పష్టంగా రెండుగా చీలిన సందర్భాలు తక్కువ. సుప్రీంకోర్టు డిసెంబరు 12న విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2022 మే 20న బయటికొచ్చిన నివేదిక పోలీసుల కథనం నమ్మదగినది కాదని, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తేల్చింది. నిందితుల్లో ముగ్గురు మైనర్లని నిర్ధారించి, పదిమంది పోలీసులపై హత్య నేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. తదుపరి చర్యల కోసం విషయం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది.

పూలు చల్లినవారి దుఃఖాన్ని తేలిక చేయకూడదు. కానీ గడప దగ్గర జరిగిన తప్పును చటాన్‌పల్లి కాల్పులు సరిదిద్దలేదు. ఆ రాత్రి ఒక తల్లికీ తండ్రికీ దక్కనిది శిక్ష కాదు, సకాలంలో స్పందన. ఎన్‌కౌంటర్ మీద చర్చ పెరిగేకొద్దీ ఆ మొదటి ప్రశ్న వెనక్కి పోయింది.

బడుల చుట్టూ పోలీసు పని

బడులకు పోలీసుతో అవసరం పలు రకాలు. ఉదయం బస్సుల వేళ ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా రహదారిమీద విమానాశ్రయానికి పోయే కార్లు, లారీలు, బడి బస్సులు ఒకేసారి చేరతాయి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వేగేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొని పిల్లలు చనిపోయాక, జూన్‌లో బడులు తెరిచేనాటికి బస్సుల ఫిట్‌నెస్ తనిఖీల మీద రవాణాశాఖ దృష్టి పెరిగింది. ట్రాఫిక్ పోలీసులు బస్సు డ్రైవర్లకు మద్యం పరీక్షలూ చేస్తున్నారు. 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ బడులు, కాలేజీల దగ్గర వేధింపుల మీద పనిచేస్తున్నాయి. 2017 నాటి మాదకద్రవ్యాల కేసులో హైదరాబాద్ బడుల విద్యార్థుల పేర్లు రావడం, 2025 సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు బడి భవనంలోనే అల్ప్రాజోలం తయారీ బయటపడటం, విద్యాశాఖ తనిఖీ ఎంత బలహీనమో చూపాయి. బోయిన్‌పల్లి వ్యవహారాన్ని పట్టుకున్నది మాదకద్రవ్యాల నిరోధానికి ఏర్పడిన ఈగల్ బృందం. అక్కడ పిల్లలు మాత్రం రోజూ కింది గదుల్లో పాఠాలు వింటూనే ఉన్నారు.

ఇక్కడ పన్నూ పోలీసూ నిజంగా కలుస్తాయి. విద్యాశాఖ చేయాల్సిన తనిఖీ జరగకపోతే ఆ పని ఆలస్యంగా, ఎక్కువ ఖర్చుతో పోలీసు మీద పడుతుంది. మినహాయింపు పొందిన బడి తన లెక్కలు, భవన అనుమతి, బస్సుల పత్రాలు, సిబ్బంది నేపథ్య తనిఖీ ఏటా బహిరంగంగా పెట్టాలన్న షరతు ఉంటే స్టేషన్ మీద భారం కొంత తగ్గుతుంది. పన్ను కట్టించడం కంటే ఈ షరతు అమలు చేయడమే ఎక్కువ ఫలితమిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బ్రిటన్ అనుభవం

పన్ను వేసి చూసిన దేశం బ్రిటన్. అక్కడి లేబర్ ప్రభుత్వం 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు బడుల ఫీజు మీద 20 శాతం వ్యాట్ విధించింది. ఆ రాబడితో ప్రభుత్వ బడులకు 6,500 మంది ఉపాధ్యాయులను నియమిస్తామంది. ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో ధార్మిక హోదా ఉన్న ప్రైవేటు బడులకు స్థానిక పన్నులో రాయితీనీ తీసేసింది. స్కాట్లండ్ ఆ పని 2022లోనే చేసింది. వ్యాట్ మీద కొన్ని కుటుంబాలు, మతపర బడులు వేసిన సవాలును 2025 జూన్‌లో అక్కడి హైకోర్టు తోసిపుచ్చింది.

దాన్ని ఇక్కడికి తెచ్చి పెట్టమనేవారు ఒక తేడా గమనించాలి. బ్రిటన్‌లో ప్రైవేటు బడికి వెళ్లే పిల్లలు వందకు ఏడుగురి లోపే. ఎక్కువగా సంపన్న కుటుంబాలవారు. తెలంగాణలో బడి పిల్లల్లో సగానికి పైగా ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు. వారిలో ఆటో నడిపేవారి పిల్లలు, విమానాశ్రయంలో సామాన్లు మోసేవారి పిల్లలు, ఇళ్లలో పనిచేసేవారి పిల్లలు ఉన్నారు. ఫీజు మీద అందరికీ సమానంగా 18 శాతం పన్ను వేస్తే మొదట చదువు మానేది వారే. ఇక్కడ అక్కరకొచ్చేది స్కాట్లండ్‌లా స్థానిక పన్ను రాయితీని సవరించడమే, అయితే దాన్ని పూర్తిగా తీసేయకుండా ఆవరణ విస్తీర్ణాన్ని బట్టీ ఫీజును బట్టీ వేరుచేయాలి. అద్దె బడికి ఊరట ఇచ్చి, ఒక స్థాయి దాటిన ఫీజు తీసుకునే సొంత ఆవరణకు తగ్గించడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. రాష్ట్ర శాసనసభ చాలు.

తాజా స్థితి

2025 డిసెంబరులో నగరపాలక విలీనంతోపాటు పోలీసు కమిషనరేట్ల హద్దులూ మారాయి. రాచకొండ స్థానంలో మల్కాజిగిరి, కొత్తగా ఫ్యూచర్ సిటీ కమిషనరేట్లు వచ్చాయి. శంషాబాద్ ఆస్తులు ఇప్పుడు నగరపాలక చట్టం కిందికి చేరాయి కాబట్టి, 202వ సెక్షన్‌లోని సొంత భవనపు షరతు ఈ ప్రాంతపు బడులకూ వర్తిస్తుంది. పంచాయతీ కాలం నుంచి పన్ను జాబితాకు ఎక్కని, పాత అనుమతులతో ఉన్న విద్యాభవనాలను కొత్తగా కొలిచి మినహాయింపు ఎవరికి, ఎంత అన్నది తేల్చాల్సింది నగరపాలక సంస్థే. అద్దె బడుల విషయంలో ఆ షరతును సవరించే అధికారం రాష్ట్ర శాసనసభది.